అర్బాబ్ వచ్చిండు! ఒమాన్‌లో ఒక రబ్బరు భూతం వెంట

ఒమాన్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఏం తెచ్చావు?" అనే అడుగుతున్నారు. ఖర్జూరాలు తెచ్చాను, సాంబ్రాణి తెచ్చాను, పంచేశాను. పంచిపెట్టడానికి వీల్లేనిది ఒకటి మిగిలిపోయింది. కోపం. అది చల్లారేలోపే రాసెయ్యాలని కూర్చున్నాను, చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానని భయం.

ముందు నా పిచ్చి చెప్పుకోవాలి. నాకు భూతాల సినిమాలంటే ప్రాణం. ఇప్పటివి కావు. డెబ్బైల్లో ఇటలీలోనూ స్పెయిన్‌లోనూ చిల్లర పోగేసుకుని తీసినవి. రబ్బరు తొడుగులో ఒక మనిషి, వీపు మీద కనపడిపోయే జిప్పు, తెరంతా పొగ, అద్దెకు దొరికిన పాడుబడ్డ కోట. అదే కోట ఇంకో సినిమాలో ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది. చిన్నప్పుడు కాకినాడలో ఉదయం ఆటకి మా మేనమామ తీసుకెళ్లేవాడు. జనం భయపడేవారు కాదు, పగలబడి నవ్వేవారు. నేను మాత్రం ఆ రబ్బరు లోపల ఉక్కపోతకి చస్తున్న మనిషి గురించి ఆలోచించేదాన్ని. ఇప్పుడు నెలకో ఆదివారం సాయంత్రం మా మేడ మీద గోడకి దుప్పటి కట్టి ఆ సినిమాలే వేస్తాను. "ప్రార్థన కాగానే దయ్యాలేంటి రూతమ్మా?" అంటారు మా పాస్టరుగారు. "బైబిల్లో లేవా అయ్యగారూ?" అంటాను. ఆయనా ఒక్కోసారి వచ్చి వెనక వరసలో కూర్చుంటారు.

ఈ సినిమాల్లో ఒక విచిత్రం ఉంది. హీరోది ఒక దేశం, హీరోయిన్‌ది ఒక దేశం, భూతానిది ఇంకో దేశం. షూటింగులో ఎవరి భాష వాళ్లు మాట్లాడేసేవారు. మాటలన్నీ తర్వాత ఒక గదిలో కూర్చుని ఎక్కించేవారు, ఒక్కో దేశానికి ఒక్కో పేరు, ఒక్కో గొంతు. అంటే అసలు గొంతంటూ లేని సినిమాలివి. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, నా కోపానికి ఇదే మూలం.

మా చెల్లెలు సలోమి మస్కట్‌లో నర్సు. దాని వార్డులోకి కిందటేడు లింగన్న అనే పెద్దాయన వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి, బహ్లాలో ఒక ఖర్జూరపు తోటకి కాపలా. గొంతులో కాన్సర్. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. చదువూ రాదు, రాసి చూపించడానికి. సలోమి జాలిపడుతుంటే, ఆయన పక్కన కూర్చున్న పోశెట్టి అనే మేస్త్రీ ధైర్యం చెప్పాడట.

"రంది వెట్టుకోకు సిస్టర్. మా లింగన్న గొంతు యాడికి వోలె. నా సందుగల ఉన్నది, క్యాసెట్ల."

సందుగంటే పెట్టె. సంగతేమిటంటే, వీడియో క్యాసెట్ల కాలంలో వీళ్లంతా మస్కట్‌లోని హమ్రియాలో ఒకే రూమ్‌లో ఉండేవారు. శుక్రవారం సెలవుకి ఏదో దేశపు భూతం సినిమా తెచ్చుకునేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. లింగన్న టీవీ పక్కన నిలబడి ఆడా మగా భూతం అందరి మాటలూ తెలుగులో తనే చెప్పేవాడు. ఒక శుక్రవారం క్యాసెట్ల షాపాయన మైకు పెట్టి ఆ మాటలన్నీ టేపు మీదికి ఎక్కించాడు. డెబ్బైల నాటి భూతం సినిమాకి తెలంగాణ తెలుగు! ఫోన్లో విని నేను మంచం మీంచి లేచి కూర్చున్నాను.

పోశెట్టి ఆ క్యాసెట్‌ని సలోమి చేతిలో పెట్టాడు. ఆడించే మెషీన్లు ఇప్పుడు ఎవరిళ్లలోనూ లేవు కదా. "తెలిసినాయనకి ఇచ్చానక్కా, కంప్యూటర్లోకి ఎక్కించి పెడతానన్నాడు. నువ్వొస్తే బహ్లా తీసుకెళ్లి లింగన్నగారికి వినిపిద్దాం" అంది. ఆయన తన గొంతు తను వినాలి, నేను పక్కన కూర్చుని వినాలి. నా ప్రయాణమంతా ఇందుకే.

హమ్రియా

దిగిన సాయంత్రమే ఆ క్యాసెట్ల షాపు ఉన్న వీధికి పోదామని పట్టుబట్టాను. ఇరుకు సందులు, బాల్కనీల నిండా ఆరేసిన డ్యూటీ బట్టలు, బంగ్లా, మలయాళం, హిందీ, మధ్యమధ్య "ఏమే, కూరగాయలు దెచ్చినవా?" అని మన మాట. హోటల్లో అందరూ "కరక్, కరక్" అంటుంటే కరకరలాడేదేదో వస్తుందనుకుని నేనూ ఒకటి చెప్పాను. చిక్కటి టీ వచ్చింది. తాగేసి, కరకరలాడేది ఇంకా రాలేదేమని ఎదురుచూస్తూ కూర్చున్నాను. సలోమి టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వింది. టీ వంద బైసలు, మన లెక్కన ఇరవై రూపాయలు దాటుతుంది. మా ఊరి టీకొట్టు కాంతారావు వింటే కొట్టెత్తేసి ఒమాన్ వచ్చేస్తాడు.

వీడియో షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు షాపు. ఓనరు మాత్రం ఆయనే, బషీర్ భాయ్ అనే కేరళ పెద్దాయన. లింగన్న పేరు చెప్పగానే చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

"లింగన్నా? అరే, వో ఆద్మీ నహీ థా, థియేటర్ థా!"

మనిషి కాదు, థియేటరట! సినిమా పేరెవరూ అడిగేవారు కాదట. "లింగన్నవాలా దో" అనేవారట. తెలుగు రాని బంగ్లా వాళ్లు కూడా తీసుకెళ్లి నవ్వుకునేవారట. ఎందుకని అడిగితే బషీర్ భాయ్ లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, భూతంలా ఊగుతూ చూపించాడు. "వో షైతాన్ నికల్‌తా హై నా పానీ సే? లింగన్న బోల్తా హై, అర్బాబ్ వచ్చిండు!"

అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. వీసా అతనిదే, పని అతనిదే. ఆ రోజుల్లో చాలామంది పాస్‌పోర్టులు కూడా అతని బీరువాలోనే ఉండేవి. సరస్సులోంచి నాచు కారుతూ లేచే రాక్షసుణ్ణి లింగన్న అర్బాబ్ అన్నాడు. కోటలో దొర మేనేజరయ్యాడు. దివిటీలు పట్టుకున్న ఊరి జనం లేబర్ క్యాంపయ్యారు. రూమ్‌లో వాళ్లంతా ఎందుకు పడిపడి నవ్వారో, ఎందుకు ఆ ఒక్క సినిమానే మళ్లీమళ్లీ చూశారో నాకు షాపులో నిలబడే అర్థమైంది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

అల్ ఖువైర్

సంతోషం మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది.

అల్ ఖువైర్‌లో మంత్రిత్వ శాఖల భవనాలు, బ్యాంకులు, తెల్లటి మేడలు. రోడ్డు మీద నడిచేవాళ్లు ఎక్కడా కనపడరు, అందరూ కార్లలోనే. క్యాసెట్ తీసుకున్న కిరణ్ అక్కడే ఉంటాడు. బ్యాంకులో కంప్యూటర్ల పని, సౌండు రికార్డింగు సరదా. మాకు దగ్గరే, పెద్దాపురం కుర్రాడు. వాళ్లావిడ పెసరట్లు వేసి పెట్టింది. పరాయి దేశంలో మన అల్లం పచ్చడి తింటుంటే కిరణ్ మీద అభిమానం పొంగుకొచ్చింది. తర్వాత జరిగినదానికి ఆ పెసరట్లే ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడుతున్నాయి.

పెద్ద టీవీలో సినిమా మొదలైంది. పొగ, కోట, సరస్సు. నీళ్లు కదిలాయి. నాచు కారుతూ రబ్బరు రాక్షసుడు లేచాడు. నేను కుర్చీ అంచుకి జరిగాను.

"అయ్యో! సరస్సు నుండి ఏదో భయంకరమైన జీవి వచ్చుచున్నది!" అంది టీవీ.

ఎవరిదో నున్నటి గొంతు. వచ్చుచున్నదట!

"ఇదెవరు?" అన్నాను.

"మా ఫ్రెండ్ ఆంటీ, ఉగాది నాటకాల్లో వేస్తాడు. హీరోయిన్‌కి మా ఆవిడే చెప్పింది. సెలవుల్లో కూర్చుని మొత్తం కొత్తగా డబ్బింగ్ చేశాం" అన్నాడు కిరణ్. మొహం వెలిగిపోతోంది.

"లింగన్న గొంతేది?"

"అది చాలా పాడైపోయింది ఆంటీ. వెనకాల కుక్కర్ విజిల్స్, దగ్గులు, నవ్వులు. పైగా ఆయన అర్బాబ్ అంటాడు, బతాకా అంటాడు, సినిమాలో అవెక్కడున్నాయి చెప్పండి? ఆ యాస కూడా..."

"ఆ యాసకేమొచ్చింది?"

"అది కాదాంటీ. మన తెలుగు సంఘంలో ఫ్యామిలీస్ చూస్తాయి, పిల్లలు చూస్తారు. పద్ధతైన తెలుగులో ఉండాలని. ఒరిజినల్‌కి న్యాయం చెయ్యాలి కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ ఒరిజినల్‌కి నాయనా? ఆ తెర మీద పెదాలాడించిన ఒక్కడి గొంతైనా అందులో ఉందా? ఇటలీవాడు తన మాటలు ఎక్కించాడు, ఇంగ్లీషువాడు తన మాటలు ఎక్కించాడు, జర్మనీవాడు ఎక్కించాడు. వాళ్లెవర్నీ యాస అడగలేదే! లింగన్న ఎక్కిస్తే అది చెత్తయిందా? ఇవన్నీ అరిచే అన్నాను. పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి చూసేంత గట్టిగా అరిచాను.

"పాత సౌండు ఎక్కడుంది? అది ఇచ్చెయ్యి చాలు."

కిరణ్ వాళ్లావిడ వంక చూశాడు. "డిలీట్ చేసేశానాంటీ. ఫైనల్ అయిపోయింది కదా అని."

"క్యాసెట్?"

"ఫంగస్ పట్టింది. తీసేటప్పుడు మెషీన్లో నలిగి తెగిపోయింది. పారేశాను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. సామెతలు ఇంత అచ్చంగా జరుగుతాయని నాకు అప్పటిదాకా తెలీదు. డాక్టర్లు ఆయన గొంతు తీశారంటే ప్రాణం నిలబెట్టడానికి తీశారు. వీడు పద్ధతి కోసం తీశాడు! వీడు చెడ్డవాడైనా బాగుండేది, కడుపారా తిట్టేదాన్ని. పైసా అడక్కుండా, సెలవులన్నీ ఖర్చుపెట్టి, పెసరట్లు పెట్టి మరీ ఆ గొంతు చెరిపేశాడు. గుమ్మం దాకా వచ్చి పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ, "ఆయనకి నచ్చుతుందాంటీ, క్లారిటీ బాగా వచ్చింది" అన్నాడు. విసిరికొట్టబోతే సలోమి లాక్కుని సంచిలో వేసుకుంది.

బహ్లా దారి

శుక్రవారం పొద్దున సలోమి కారు తీసింది. దారి పొడుగునా గోధుమరంగు కొండలే, చెట్టన్నది లేదు. మా వైపు పొలాలు చూసిన కళ్లకి ఒలిచిన కొండల్లా ఉన్నాయి. మెచ్చుకునే ఓపిక నాకు లేదు. దారంతా సలోమితో తగువు.

"నీకెవరిచ్చారే ఆ క్యాసెట్ వాడి చేతిలో పెట్టే హక్కు?"

"పోశెట్టన్నే ఇచ్చాడు. కంప్యూటర్లోకి ఎక్కించమనే ఇచ్చాడు. వాడిలా చేస్తాడని నేను కలగన్నానా?" అంటూనే కళ్లు తుడుచుకుంది. "అక్కా, లింగన్నగారి దగ్గర మాత్రం అరవకు. నేనే చెబుతాను."

బహ్లా మట్టికోట దూరం నుంచే కనపడింది. నా సినిమాల్లో కోటలు దాని ముందు అట్టముక్కలు. ఈ ఊరంతా జిన్నుల ఊరని పేరట. ఆ మాటెత్తితే ఊళ్లోవాళ్లు నవ్వరు, మాట మారుస్తారు. మా ఊళ్లో దయ్యమంటే రచ్చబండంతా కథలు చెబుతారు. ఇక్కడ దాని పేరు తలవడం మర్యాద కాదు.

తోట యజమాని అబూ సయీద్ మమ్మల్ని ముందు తన ఇంట్లోనే కూర్చోబెట్టాడు. తెల్లటి గడ్డం, నెమ్మదైన మాట. వచ్చీరాని హిందీలో లింగన్న తన తోటలో ఉన్నంత కాలం ఖర్జూరం ఒక్కటి కూడా పోలేదన్నాడు. పిడి లేని చిన్న గిన్నెలో ఏలకుల కాఫీ పోసిచ్చాడు. దాన్ని ఫింజాన్ అంటారు. తాగి ఇచ్చేశాను. మళ్లీ పోశాడు. పెద్దమనిషి పోస్తే కాదనకూడదని తాగాను. మళ్లీ పోశాడు. వద్దు వద్దని తెలుగులో మొత్తుకున్నా, ఖాళీ గిన్నె తిరిగిస్తే ఇంకా కావాలనే లెక్కట. గుండె దడదడలాడుతుంటే సలోమి చెవిలో చెప్పింది, "గిన్నె ఇస్తూ కొంచెం ఊపక్కా. ఊపితే చాలని." ఊపాను. పెద్దాయన చిరునవ్వుతో గిన్నె తీసుకున్నాడు. నోరు తెరవకుండా చాలని చెప్పే పద్ధతి మనకి లేదు. మన దగ్గర చాలని పదిసార్లంటేనే ఒకసారన్నట్టు.

లింగన్న రూమ్

తోట చివర రూమ్. లింగన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మెడ దగ్గర రంధ్రం మీద తెల్లటి గుడ్డ. నన్ను చూసి చేతులు జోడించి, ఆ చేతులతోనే రాక్షసుడిలా ఒకసారి ఊగి చూపించాడు. లోపల పోశెట్టి, ఇంకో ఆరేడుగురు సైట్ వాళ్లు, ఎక్కువమంది పడుచువాళ్లే. తలకాయ కూర, ఖుబూస్ రొట్టెలు. "మంచిగ తినక్కా, సిగ్గువడకు" అని పోశెట్టి వడ్డిస్తూనే ఉన్నాడు. లింగన్న మాత్రం సరిగ్గా తినలేదు. సలోమి సంచి వైపే చూస్తున్నాడు.

సలోమి పెన్‌డ్రైవ్ బయటికి తీసి, సంగతి చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా ఒకతను దాన్ని అందుకుని టీవీకి పెట్టేశాడు.

పొగ, కోట, సరస్సు. లింగన్న ముందుకి వంగాడు. నీళ్లు కదిలాయి.

"అయ్యో! సరస్సు నుండి ఏదో భయంకరమైన జీవి వచ్చుచున్నది!"

లింగన్న టీవీ వెనక్కి చూశాడు, తన గొంతు అక్కడెక్కడో ఉన్నట్టు. తర్వాత పోశెట్టి వంక చూశాడు. పోశెట్టి నా వంక చూశాడు.

"గిదెవ్వలక్కా? మా లింగన్న ఏడి?"

చెప్పాను. ఇంక దాచడానికేముంది? యాస బాగాలేదని తీసేశారన్న ముక్కతో సహా చెప్పాను. లింగన్న మెడ మీద గుడ్డ గబగబా పైకీ కిందికీ ఆడింది. ఏడుపైనా శబ్దం లేని ఏడుపే.

పోశెట్టి రిమోట్ అందుకున్నాడు. "నీ పద్ధతి పాడుగాను" అని టీవీ నోరు నొక్కేశాడు. సినిమా మొదటికి తెచ్చాడు. నీళ్లు కదలగానే రూమ్ అదిరిపోయేలా అరిచాడు.

"అర్బాబ్ వచ్చిండు! లైట్లు బంద్ జెయ్యుండ్రి! పండుకున్నట్టు జెయ్యుండ్రి!"

కోటలో దొర వేలు చూపించగానే ఓ పడుచువాడు అందుకున్నాడు. "బతాకా ఏదిరా? బతాకా లేకుంట కోటల ఎట్ల తిరుగుతున్నవ్?" బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. "క్యాసెట్ నువ్వెప్పుడు చూశావు బాబూ?" అన్నాను ఆశ్చర్యపోయి. "నేన్ సూడలేదక్క. రూమ్ల అందరు గిట్లనే అంటరు. మేనేజర్ వస్తే అర్బాబ్ వచ్చిండంటం. గది సినిమాల మాటని ఇయ్యాల్నే ఎరుక." రాక్షసుడు ఒకడి మెడ పట్టుకుంటే ఇంకొకడు: "రెండేండ్ల సంది సెలవియ్యకపోతివి, ఇగ మెడ వట్టుకుంటున్నవా?"

లింగన్న చేతిలోకి చెంచా వచ్చింది. మాట ముందు పడినా వెనక పడినా స్టీలు కంచం మీద టంగుమని కొట్టేవాడు. వాళ్లు మళ్లీ చెప్పేవాళ్లు. నేను ఫోన్లో రికార్డు చేస్తూనే ఉన్నాను. నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టాయి. వార్డులో అన్ని రోజుల్లో లింగన్న నవ్వగా ఒక్కసారి కూడా చూడలేదంది సలోమి. ఇప్పుడు ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

చివర్లో ఒక సీనుంది. హీరోయిన్ ఒక్కతే సరస్సు గట్టున నిలబడి, మునిగిపోతున్న రాక్షసుడితో చాలాసేపు మాట్లాడుతుంది. ఆ బొమ్మ రాగానే రూమ్‌లో మాట ఆగిపోయింది.

"గీడ లింగన్న ఆడగొంతు వెట్టేటోడు. మేమందరం ఏడ్చెటోళ్లం" అన్నాడు పోశెట్టి. "ఏమన్నడో... అయ్యో, యాదికొస్తలేదక్కా."

అందరూ లింగన్న వైపు తిరిగారు. ఆయన పెదాలు కదిపాడు. ఆ మాటలన్నీ ఆయనకి గుర్తున్నాయి. పెదాలు తడుముకోకుండా కదులుతున్నాయి. మెడ దగ్గర గుడ్డలోంచి గాలి వస్తోంది, మాట రావడం లేదు. "అమ్మనా? అన్నమా? పిల్లలా?" అని వీళ్లు అడుగుతున్నారు. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి చెంచా కింద పెట్టేశాడు. ఆ సీనంతా మూగగానే నడిచింది.

రాక్షసుడు మునిగాక పోశెట్టి గొంతు సవరించుకుని ఆఖరి మాట చెప్పాడు. "ఖల్లివల్లి! పోతే పోనీ! పాస్‌పోర్టులు దొరికినయ్, పాండ్రి ఇంటికి!" అందరూ చప్పట్లు కొట్టారు, లింగన్న కూడా.

నేను కొట్టలేదు. కిరణ్‌ని, వాడి పద్ధతిని, వాడి నాటకాల స్నేహితుణ్ణి, చిన్నప్పట్నుంచీ పేపరు భాషే భాషని నేర్పిన మావాళ్లందర్నీ కలిపి తిట్టడం మొదలుపెట్టాను. తిడుతూనే ఉన్నాను. అంతలో అబూ సయీద్ కాఫీ పాత్రతో వచ్చి అందరికీ పోశాడు. లింగన్న తాగి, ఖాళీ గిన్నె పెద్దాయనకి ఇవ్వలేదు. నా మొహం ముందు పెట్టి, నా కళ్లల్లోకి చూస్తూ, కుడికీ ఎడమకీ ఊపాడు.

"చాలంటున్నాడక్కా" అంది సలోమి.

నా గిన్నె నేను ఊపలేదు. తిన్నగా చాచాను. అబూ సయీద్ మళ్లీ పోశాడు.

మా మేడ మీద

ఇంటికొచ్చాక ఆ నెల ఆదివారం నాడు ఆ సినిమానే వేశాను, ఫోన్లో రికార్డయిన మాటలతో. కంచం చప్పుళ్లు, పోశెట్టి దగ్గు, నా నవ్వు, ఏవీ తీయలేదు. మావాళ్లకి అర్బాబ్ ఎవరో ముందే చెప్పాను. కాకినాడ జనం "పండుకున్నట్టు జెయ్యుండ్రి" అని తిరిగి అరిచారు. పాస్టరుగారు వెనక వరసలోంచి ముందుకి జరిగారు.

సరస్సు గట్టు సీను వచ్చింది. అమ్మనా, అన్నమా అన్న అడగడాలు ఆగిపోయాక కూడా హీరోయిన్ పెదాలు కదులుతూనే ఉన్నాయి, మాట లేదు. చీకట్లో పాస్టరుగారు స్పీకరు వైర్లు తడిమి చూశారు.

"సౌండు పోయినట్టుంది రూతమ్మా."

"పోలేదండి అయ్యగారూ," అన్నాను. "తీసేశారు."